బిగించిన వల

నేను ఒక ఇనుప గుండును. నాలుగు కిలోల బరువు, మెడకు ఒక ఉక్కు తీగ, తీగ చివర మూడు మూలల పిడి. ఆటల భాషలో నన్ను హ్యామర్ అంటారు, అంటే సుత్తి. ఇన్నేళ్ళ బతుకులో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. మనుషులు నన్ను పట్టుకుని గిరగిరా తిరిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరేస్తారు. తర్వాత నేనెక్కడ పడ్డానో వెతుక్కుంటూ వచ్చి, టేపు పెట్టి కొలిచి, మోసుకెళ్ళి మళ్ళీ విసిరేస్తారు. అక్కర్లేని వస్తువునైతే ఒకసారి పారేసి ఊరుకుంటారు గదా. నా మీద వీళ్ళకున్నది ప్రేమో పగో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మీరట్ ఊరి శివార్లలో ఒక చిన్న ఫౌండ్రీలో పుట్టాను. పాత పంపుల తుక్కూ విరిగిన ఇరుసులూ కరిగించి మట్టి అచ్చులో పోశారు. చల్లారాక లేతు మిషనుకు బిగించి ఒళ్ళంతా చెక్కారు. చెక్కిన ముసలాయన కుడిచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగతా రెండూ ఆ మిషనే తినేసింది. అయినా రోజూ పని అయ్యాక దాన్ని నూనె గుడ్డతో తుడిచి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళేవాడు. తనను కొరికినదానికి దణ్ణం పెట్టడం మనుషుల్లో అక్కడే మొదటిసారి చూశాను. తూకం వేస్తే నలభై గ్రాములు తక్కువొచ్చాను. ఆయన నా కడుపుకి చిల్లు పెట్టి సీసం పోసి మూసేశాడు. అలా కడుపులో సీసంతో, గోనెపట్టాలో చుట్టుకుని రైలెక్కి, శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డునున్న పెదగెడ్డపేట చేరాను.

అక్కడ శిక్షణ కేంద్రం అని పేరేగాని, ఉన్నదల్లా ఒక రేకుల షెడ్డు, ఇసుకలో పోసిన సిమెంటు వలయం, చుట్టూ సరుగుడు తోట. నడిపేది కోచ్ ఢిల్లీశ్వరరావు. మెడ కనబడని మనిషి, గొంతు మాత్రం తోట దాటి వినబడేది. పిల్లలకు రోజూ ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి, తనే పెంకు వలిచి చేతిలో పెట్టేవాడు. అదే చేత్తో కొట్టేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని దేవుడనేవారు. రెండు పనులూ చేస్తాడు కాబట్టి కాబోలు.

నన్ను పట్టుకున్న పిల్ల సూరాడ దానేశ్వరి. అప్పటికి పదహారేళ్ళు. వాళ్ళ నాన్న ముసలయ్య సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. పేరు అదిగాని అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు. విసురు వల వేయడంలో ఆ తీరంలో ఆయనకు సాటి లేరు. వల విసిరేవాడు ముందు పాదం మీద తిరుగుతాడు, తర్వాత నడుం తిరుగుతుంది, చేతులు చివర్న వస్తాయి. దానేశ్వరి పసితనం నుంచి నాన్న పక్కన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అదే నేర్చింది. అందుకే మొదటిరోజు నన్ను పట్టుకోగానే ఎవరూ చెప్పకుండానే తిరిగింది. నేను సరుగుడు తోట అంచు దాటి ఇసుకలో కూరుకుపోయాను. ఆ రోజు ఎవరూ ఆ పిల్లను కొట్టలేదు. ఎవరి దగ్గరా టేపు కూడా లేదు. టేపు పెట్టని దూరాన్ని మనుషులు దూరం అనరు కాబట్టి ఆ విసురు ఎక్కడా లేదు, నా ఒంటి మీద ఒక సొట్టగా తప్ప.

ఒక నెల తర్వాత జిల్లా పోటీల్లో దానేశ్వరి మొదటి రెండుసార్లూ వలయం దాటి తొక్కేసింది, ఆ రెండూ లెక్కలోకి రాలేదు. ఢిల్లీశ్వరరావు ఆమెను పక్కకు లాక్కెళ్ళి, అందరూ చూస్తుండగా చెంప పగలగొట్టాడు. మూడోసారి నేను జిల్లా రికార్డు దాటి పడ్డాను. ఈసారి టేపు ఉంది. అంతే, ఆ దెబ్బ అచ్చొచ్చిందని తేల్చేశారు. అప్పటినుంచి ప్రతి విసురుకి ముందూ ఒక చెంపదెబ్బ. కొన్నాళ్ళకు దానేశ్వరే వెళ్ళి చెంప తిప్పి నిలబడటం మొదలుపెట్టింది. మిగతా ఆడపిల్లలు తమకు కూడా దెబ్బ అచ్చొస్తుందేమోనని అడిగేవాళ్ళు. నాకు నోరు లేదు. ఉంటే చెప్పేదాన్ని, దెబ్బ తిన్న చేయి పిడిని ఎంత బిగబట్టి పట్టుకుంటుందో, ఎంత ఆలస్యంగా వదులుతుందో. తీగ పట్టుకున్న చేతి సంగతి తీగకు తెలియదా?

హ్యామర్ విసిరేచోట చుట్టూ పంజరంలా వల కట్టాలి. ఎవరి చేయి ఎటు తప్పినా గుండు జనం మీదకు పోకుండా. కేంద్రానికి వల కొనే స్తోమత లేదు. ముసలయ్య తన పాత పెద్దవల తెచ్చి, సరుగుడు బాదులు పాతి, వాటి మీద వేలాడదీశాడు. వల కింద మూరెడు ఇసుకలో పడి, మధ్యలో పొట్ట వచ్చినట్టు ఉబ్బి ఉండేది. నేను చాలాసార్లు అందులో పడ్డాను. పడ్డప్పుడల్లా అది నాతోపాటు వెనక్కి వచ్చి, మెల్లగా కిందకు దించేది. నాకు మీరట్‌లో కూడా అంత మర్యాద జరగలేదు.

ఒకరోజు పైనుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మెచ్చుకుంటే కేంద్రానికి డబ్బొస్తుంది, దానేశ్వరి పేరు పెద్ద జట్టుకు వెళ్తుంది. ఢిల్లీశ్వరరావు పొద్దుటే వచ్చి వలను చూసి, ఇదేటి ఆరేసిన పంచెలాగ, లాగి కట్టమన్నాడు. ముసలయ్య బాదు దగ్గర చేతులు ఆపి, బిగిస్తే వల తెగిపోతాదని గొంతులోనే అన్నాడు. నీ కూతురు జట్టులో ఉండాలా, అక్కర్లేదా అని కోచ్ అడిగాడు. ముసలయ్య నాలుగు వైపులా తాళ్ళు వేసి, మోకాలు బాదుకు ఆనించి మరీ లాగాడు. సముద్రపు గాలికి వల సన్నగా మోగడం మొదలుపెట్టింది. దానేశ్వరి ఆ టైములో ఒడ్డున పరుగు తీస్తోంది.

మధ్యాహ్నం అధికారి షామియానా కింద కూర్చున్నాడు. కోచ్ ధైర్యం చూపించుకోవడానికి వల వెనకాల, దగ్గరగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంతకుముందే అధికారి ఎదురుగా ఆ పిల్లను రెండు చెంపలూ వాయించాడు. అప్పుడే వలయం దగ్గరకు వచ్చిన పిల్ల, కళ్ళ నిండా నీళ్ళు, వలవైపు చూడనైనా లేదు. నాలుగు చుట్లు తిరిగింది. అరక్షణం ఆలస్యంగా వదిలింది.

నేను వలకు తగిలాను. అది వెనక్కి రాలేదు, వచ్చే చోటు దానికి లేదు. నేను తగిలిన చోట వల కన్నులు పటపటా తెగి పైనుంచి కిందదాకా చీలిపోయింది. నేను అదే ఊపులో వెళ్ళి ఢిల్లీశ్వరరావు ఎడమకాలి మీద, మోకాలికి జానెడు కింద, తగిలాను. ఎండిన సరుగుడు కొమ్మ విరిచినట్టు చప్పుడైంది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటకొచ్చింది. రక్తం నా మీద కూడా పడింది. ఆయన అరిచిన అరుపుకి అధికారి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నిజం చెప్పేస్తాను. ఆ క్షణం నాకు బాధ కలగలేదు. అన్నాళ్ళు ఆ చేతి చప్పుడు విన్నదాన్ని. కాని తర్వాత దానేశ్వరి ఇసుకలో మోకాళ్ళ మీద పడి, తన రెండు చేతుల్నీ పరాయివాళ్ళ చేతుల్ని చూసినట్టు చూసుకోవడం చూశాక నా సంతోషం చచ్చిపోయింది.

ఆయన నాలుగు నెలలకు చేతికర్రతో వచ్చాడు. కాలిలో రాడ్డు వేశారు. మొదటిరోజే దానేశ్వరిని పిలిచి పంట్లాం పైకి లాగి మచ్చ చూపించాడు. "ఇది నువ్వు సేసిన పని. దీనికి నువ్వు నాకు పతకం బాకీ," అన్నాడు. ఆ పిల్ల ఒంగి ఆ కాలికి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత దెబ్బలకు లెక్క లేదు. విసురుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి, కర్ర అందితే కర్రతో. ఒకసారి విడిగా ఉన్న నా పాత తీగతో పిక్కల మీద వాతలు తేలేట్టు కొట్టాడు. నాలో భాగమైనదాన్ని కొరడాగా వాడితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఇంట్లో ఏడిస్తే ముసలయ్య గోడవైపు తిరిగి, ఆయన కాలు తీసీసినావు, సెంపదెబ్బ ఒక దెబ్బా అనేవాడు. వల సంగతి చెప్పేవాడు కాదు. చెప్తే కోచ్ ఆమె పేరు కొట్టేస్తాడని భయం. తర్వాత చెప్దామనుకున్నాడేమో. ఆ తర్వాత అనేది రాకుండా రెండేళ్ళు గడిచాయి. జిల్లా మైదానంలో ఇనుప జాలీ పంజరం, దేశమంతా తిరిగిన పోటీలు, ఎక్కడా దానేశ్వరి నన్ను పంజరానికి తగలనివ్వలేదు. అంత భయంగా విసిరేది.

పంతొమ్మిదో ఏట అంతర్జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌కు ఎంపికైంది. సముద్రం లేని దేశం అది. నిర్వాహకులు హ్యామర్లు వాళ్ళే ఇస్తారు, అయినా ఈ పిల్ల నన్ను వదల్లేదు. సొంత హ్యామర్ తెచ్చుకున్నవాళ్ళు ముందురోజు అప్పగించాలి. గ్లౌజులు వేసుకున్న ఒక పెద్దమనిషి నన్ను తూచి, తీగ కొలిచి, పొట్ట మీద గుర్తు అంటించాడు. అక్కడ ఒక ధర్మం ఉంది. ఒకసారి లోపలికొచ్చిన హ్యామర్ అందరిదీ. ఎవరైనా తీసుకుని విసరొచ్చు. ఇంటిదగ్గర గ్లాసు కూడా ఎవరిది వాళ్ళకే దాచుకునే మనుషులు, విసిరేసే వస్తువు దగ్గర మాత్రం ఇంత ఉదారంగా ఉంటారు.

పోటీరోజు కోచ్‌లను మైదానంలోకి రానివ్వలేదు. వాళ్ళు గ్యాలరీలో కటకటాల అవతల నిలబడాలి. మొదటి మూడు విసుర్లలో ముందున్న ఎనిమిదిమందికే మరో మూడు అవకాశాలు. దానేశ్వరి పిలుపు రాకముందే అలవాటుగా కటకటాల దగ్గరకు పోయి చెంప ఆనించింది. ఢిల్లీశ్వరరావు అటూ ఇటూ చూసి, చటుక్కున ఒకటి ఇచ్చాడు. దూరం నుంచి చూసినవాళ్ళు ప్రేమగా తట్టాడనుకుని ఉంటారు.

ఆమె వలయంలోకి వచ్చింది. నాలుగు చుట్లు. ఆ రోజులాగే అరక్షణం ఆలస్యం. నేను పక్కకు తప్పి పంజరం వలవైపు దూసుకెళ్ళాను. వల అవతల ఒక జడ్జి కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. దానేశ్వరి కళ్ళు మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఎముక విరిగే చప్పుడు వినలేక.

వల నాతోపాటు వెనక్కి వచ్చింది. పొట్ట ఉబ్బింది. నన్ను ఆపి, మెల్లగా గడ్డి మీదకు దించింది. జడ్జి తల కూడా ఎత్తలేదు.

దానేశ్వరి కళ్ళు తెరిచింది. తర్వాత పోటీదారు వస్తున్నా కదలకుండా వలనే చూసింది. దగ్గరకెళ్ళి వల కన్నుల్లో వేళ్ళు దూర్చి లాగింది. అది ఎంత లాగితే అంత వచ్చింది. జాలరి పిల్ల, వల ఎందుకు వదులుగా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు గాలికి వల మోగిన చప్పుడు ఆమె చెవిలో ఇన్నాళ్ళూ ఉండి ఉంటుంది. ఇప్పుడు బయటకొచ్చింది. వదులు వల మోగదు.

రెండో పిలుపుకి ముందు మళ్ళీ కటకటాల దగ్గరకు వెళ్ళింది. కోచ్ చెంప తిప్పమన్నాడు. ఆమె తిప్పలేదు.

"సారూ, ఇక్కడ వల ఒదులుగా ఉంది," అంది.

ఢిల్లీశ్వరరావు ముఖంలో రంగు మారింది. నిన్ను వల గురించి ఎవడడిగాడన్నాడు.

"ఆ రోజు మన వల బిగించి ఉంది. నాను ఇన్నాను, మోగింది. మీ కాలు ఇరగ్గొట్టింది నా సెయ్యి కాదు సారూ."

ఆయన చేతికర్ర ఎత్తి కటకటాల మీదనుంచి కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది కనుబొమ్మ మీద. చర్మం చీలి రక్తం కంట్లోకి కారింది. ఆమె వెనక్కి జరగలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకు కర్ర విరిగింది. విరిగిన ముక్కతో పొడవబోతుంటే ఇద్దరు కాపలావాళ్ళు ఆయన్ని మెడపట్టి వెనక్కి లాగి మెట్ల మీద బోర్లా పడేశారు. ఆయన నా కాలు, నా కాలు అని అరుస్తూనే ఉన్నాడు. ఆ మైదానంలో ఆ మాటలు అర్థమైనది ఒక్క దానేశ్వరికే. ఆయన్ని ఈడ్చుకుపోయారు.

డాక్టరు కుట్లు వేయాలన్నాడు, పోటీ మానేయమన్నాడు. ఆ గొడవలో ఆమె రెండో అవకాశం పోయింది. మూడోదానికి కనుబొమ్మ మీద దూదీ పట్టీ అంటించుకుని వచ్చింది. నన్ను ఎత్తుకుంది. పిడి పట్టిన పట్టులో తేడా తెలిసింది నాకు. మొదటిరోజు, టేపు లేని రోజు, ఇలాగే పట్టుకుంది. ముందు పాదం తిరిగింది. తర్వాత నడుం. చేతులు చివర్న వచ్చాయి. పట్టీ కిందనుంచి రక్తపు చుక్కలు తిరుగుతూ సిమెంటు మీద వలయంగా పడ్డాయి. వదిలింది.

అరవై మూడు మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు. ఆమె జీవితంలో అంత దూరం ఎప్పుడూ విసరలేదు. ఎవరూ కొట్టని విసురు అది. మిగతా మూడు విసుర్లూ దాన్ని దాటలేదు, చివరకు నాలుగో స్థానం వచ్చింది, పతకం రాలేదు. మొదటి స్థానం వచ్చిన పొడుగాటి పిల్ల, ఏ దేశమో నాకు తెలియదు, ఆఖరి విసురుకి హ్యామర్లు పెట్టే గూటిలోంచి నన్నే తీసుకుంది. అలా బంగారు పతకం నా వల్లే వచ్చిందిగాని మా ఊరికి రాలేదు. నాకు సిగ్గేసింది. దానేశ్వరి మాత్రం ఆ పిల్లను కౌగిలించుకుని, నన్ను ఒడిలో పెట్టుకుని గడ్డి మీద కూర్చుంది.

ఇంటికొచ్చాక నాన్నను ఒకటే అడిగింది, వల ఎవరు బిగించారని. కోచ్ బిగించమన్నాడు, నేను బిగించానన్నాడు ముసలయ్య. తెగుతుందని తెలుసా అంది. ఆయన సముద్రంవైపు చూశాడు. ఆ చూపు చాలు. పోటీరోజు కర్ర దెబ్బలకు కూడా ఏడవని పిల్ల, ఇసుకలో పడి గుండెలు బాదుకుని ఏడ్చింది. పగవాడు కొట్టినదానికంటే కన్నవాడు చూసి ఊరుకున్నది ఎక్కువ నొప్పి అని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత లేచి, నన్ను ఒడ్డుకు మోసుకెళ్ళి, నాలుగు చుట్లు తిరిగి సముద్రంలోకి విసిరేసింది. ఎంత దూరం పోయానో ఈసారీ ఎవరూ కొలవలేదు.

రెండు వానాకాలాలు ఉప్పునీళ్ళ అడుగున పడి ఉన్నాను. తీగ తుప్పుపట్టి తెగిపోయింది. నల్లరంగు పెచ్చులుగా ఊడింది. పీతలు నా పక్కన కాపురాలు పెట్టాయి, కొట్టుకున్నాయి, ఒకదాని కాలు ఒకటి విరుచుకున్నాయి. మనుషుల్లాగే అనుకున్నాను. కాకపోతే అవి తర్వాత దణ్ణం పెట్టించుకోలేదు.

ఒక ఉదయం ఒడ్డు నుంచి లాగే పెద్దవలలో చేపలతోపాటు నేనూ దొరికాను. తాడు పట్టి లాగుతున్నవాళ్ళలో ముసలయ్య ఉన్నాడు. నన్ను చూడగానే తాడు వదిలేశాడు. ఇసుకలో కూర్చుని నా తుప్పు గీకి, సీసం పోసిన చిల్లు మచ్చను వేలితో తడిమాడు. చేపలు పంచుకోవడానికి కూడా ఆగలేదు. తడి లుంగీతోనే నన్ను భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

దానేశ్వరి గుమ్మంలో చేపలు ఎండేస్తోంది. ఆ రెండేళ్ళూ ఆయనతో మాట్లాడలేదట, హ్యామర్ ముట్టలేదట. కనుబొమ్మ మీద మచ్చ అలాగే ఉంది. ముసలయ్య నన్ను ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆయన నిలబడిన తీరు చూసి నాకు దడ పుట్టింది. అచ్చం ఆ పిల్ల కోచ్ ముందు నిలబడినట్టు, మెడ ఒంచి, చెంప తిప్పి నిలబడ్డాడు.

"సూసినాను. సెప్పనేదు. కొట్టు," అన్నాడు.

ఆమె చెయ్యి లేచింది. నన్ను అరవై మూడు మీటర్లు విసిరిన చెయ్యి అది, ఆ చెయ్యి పడితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు. వేళ్ళు విప్పి గాలిలో ఆగింది. ఆమె తన చేతినే చూసుకుంది. అది ఎవరి చేతిలా ఉందో ఆమెకూ కనబడి ఉంటుంది.

"ఆ సెంప నాకొద్దయ్యా," అంది. "వల తే. ఒదులుగా కట్టు."

ఇప్పుడు నాకు కొత్త తీగ ఉంది. ఢిల్లీశ్వరరావును కొన్నేళ్ళు మైదానాలకు రాకుండా నిషేధించారు. ఎక్కడో ఊళ్ళో క్రమశిక్షణ మీద ఉపన్యాసాలిస్తున్నాడని విన్నాను, అడిగినవాళ్ళకు కాలి మచ్చ చూపిస్తాడట. పాత సిమెంటు వలయంలో దానేశ్వరి రోజూ నన్ను విసురుతుంది. పేటలోని ఆడపిల్లలు ఆరుగురు వస్తారు. ఒకతి అప్పుడప్పుడు విసిరేముందు అలవాటుగా చెంప ముందుకు పెడుతుంది, ఎవరు నేర్పారో తెలియదు. దానేశ్వరి ఆ చెంప పట్టుకుని ముఖాన్ని మైదానంవైపు తిప్పుతుంది.

ముసలయ్య ప్రతి పొద్దుటా వేటనుంచి నేరుగా ఇక్కడికే వస్తాడు. సరుగుడు బాదుల చుట్టూ తిరిగి, వలను పైనుంచి కిందదాకా చేత్తో తడుముతాడు. గాలికి ఎక్కడైనా తాడు బిగుసుకుంటే వదులు చేస్తాడు. చెవి ఆనించి వింటాడు. వల మోగడం లేదని నమ్మకం కుదిరాక తల ఊపుతాడు. అప్పుడే ఆ పిల్లలు నన్ను ముట్టుకుంటారు.